బెట్ట బ్యాండుకు నేను చేరవేయని కబురు

ఇంకొకరికి చేరాల్సిన కబురు ఒకటి నా దగ్గరే ఉండిపోయింది. చాలా ఏళ్ళయింది. పొయ్యి ముందు కూర్చున్నప్పుడు ఉంటుంది, పక్కింటామెతో నవ్వుతూ మాట్లాడేటప్పుడు కూడా ఉంటుంది. నేను దాన్ని మరిచిపోలేదు. ఇయ్యలేదు, అంతే. పైగా ఇచ్చినానని చెప్పినాను.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మేలు. ముఖం చూసి చెప్పగలిగే మనిషినైతే ఎప్పుడో చెప్పి ఉందును. నా పేరు రాయను. పిల్లల పేర్లు మార్చినాను. ఊర్ల పేర్లు మార్చలేదు. నాకు అక్షరాలు యాభై దాటినాక వచ్చినాయి. మామూలుగా ఏం రాసినా కోడలు దిద్దుతుంది. ఈ కాగితాలు కోడలికి చూపలేదు కాబట్టి తప్పులు ఉంటే ఉంటాయి.

మాది హిందూపురం. పట్టుగూళ్ళను వేడినీళ్ళలో ఉడికించి దారం తీసే పని. తొంభైల్లో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆరు బేసిన్లు నడిచేవి. మా ఆయన మార్కెట్టుకు పోయి గూళ్ళు తెచ్చేవాడు, మోటారు చూసుకునేవాడు. నేనూ ఇంకో ఐదుమంది ఆడవాళ్ళూ బేసిన్ల ముందు కూర్చునేవాళ్ళం. వేళ్ళ చివర చర్మం ఎప్పుడూ తెల్లగా ముడతలు పడి ఉండేది. ఆయన పోయినాక నడపడం నా వల్ల కాలేదు. బేసిన్లు పోయినాయి, ఖాళీ షెడ్డు మిగిలింది. ఉడికిన పురుగుల వాసన మాత్రం గోడలను వదల్లేదు.

ఆ షెడ్డులోనే బ్యాండు పుట్టింది.

నా కొడుకు ఖాసిం అప్పుడు డిగ్రీ చదువుతున్నాడు. బెంగుళూరు ఎంత దూరం, పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు. పోయి సీడీలు తెచ్చుకునేవాడు. మొదటిసారి వాడు షెడ్డులో గొంతు చించుకుని అరిచినప్పుడు, తేలు కుట్టిందనుకుని చేటలో బియ్యం పారేసి పరిగెత్తినాను.

"ఏం లేదు మా, పాట" అన్నాడు.

ఆ రకం పాటకు మెటల్‌కోర్ అని పేరు. సగం అరుపు, సగం రాగం. నడుమ ఒకచోట అంతా ఒక్కసారి నిదానమై, ఆగి ఆగి, బరువుగా కొడతారు. దాన్ని బ్రేక్‌డౌన్ అంటారంట. నాకు తెలిసిన బ్రేక్‌డౌన్‌లు చెన్నేకొత్తపల్లి దగ్గర రోడ్డు మీద నిలిచిపోయే లారీలే. "పాటలో కూడా బండి చెడిపోతాదా?" అని అడిగితే ఖాసిం, వాడి ముగ్గురు స్నేహితులు, నలుగురూ కింద పడి నవ్వినారు. ఆ తర్వాత ఆ భాగం వచ్చిందంటే ఎవడో ఒకడు "అమ్మా, లారీ వస్తాండాది, పక్కకు జరుగు" అని కేకేసేవాడు.

పేరు బెట్ట అని పెట్టుకున్నారు. బెట్ట అంటే మాకు వాన లేక పైరు ఎండిపోయే కాలం. బెంగుళూరులో వాయించడానికి పోతే వాళ్ళకు ఆ మాట కన్నడంలో వినిపించింది. కన్నడంలో బెట్ట అంటే కొండ. "ఏ కొండప్పా మీది?" అని అడిగితే, గిటారు వాయించే గిరి "పెనుకొండ" అన్నాడంట. వాడిది పెనుకొండే.

డ్రమ్ములు వాయించేది శీనయ్య. ధర్మవరం. మగ్గం నేసే ఇంటివాడు. మా షెడ్డు నడిచే రోజుల్లో వాళ్ళ నాయన వెంట పట్టు కొనడానికి వచ్చేవాడు. అట్లా ఖాసింకు స్నేహితుడైనాడు. పెద్దయినాక కూడా ప్రతి బుధవారం పట్టు కోసం హిందూపురం వచ్చి, మా ఇంట్లో తిని, సాయంత్రం రైలుకు పోయేవాడు. ఆదివారం మళ్ళీ బ్యాండు కోసం వచ్చేవాడు. గుంటమగ్గంలో కూర్చుని రెండు కాళ్ళతో కింద పలకలు తొక్కి పెరిగిన మనిషి. డ్రమ్ములకు జోడు పెడళ్ళు తెచ్చిన రోజు గిరి, "రెండు కాళ్ళూ వేరే వేరేగా ఆడాలంటే ఏడాది పడతాదంట" అన్నాడు. శీనయ్య చెప్పులు విప్పి కూర్చున్నాడు. ఆ మధ్యాహ్నమే వాయించినాడు. "ఇది మా ఇంట్లో పనే కదప్పా" అన్నాడు.

శబ్దం బయటికి పోకుండా గోడలకు చంద్రికలు ఆనించినారు. పట్టుపురుగులు గూడు కట్టుకోవడానికి వదిలే పెద్ద వెదురు తట్టలు అవి. పరిగిలో ఒక రైతు పురుగులు మేపడం మానేసి పారేస్తుంటే తెచ్చుకున్నారు. అవి శబ్దాన్ని ఆపింది లేదు. వీధిలో అందరూ నన్నే అడిగేవాళ్ళు. నేను నవ్వి ఊరుకునేదాన్ని. ఆ పిల్లలు నాకు భారం కాలేదని మీరు తెలుసుకోవాలి. వాళ్ళు ఉన్న రోజు ఇల్లు ఇల్లులాగా ఉండేది. తప్పు కోపంలో చేసి ఉంటే ఇప్పుడు చెప్పడం కొంచెం సులభంగా ఉండేదేమో.

ఇంటి ఫోను ఒక్కటే. వాళ్ళు బయట ఉన్నప్పుడు కబుర్లన్నీ నేనే తీసుకునేదాన్ని. రాయడం రాదు కదా. కాబట్టి మనసులో పెట్టుకునేదాన్ని. ఎవరు చేసినారు, ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏం అన్నారు, ఒక్క మాట తప్పేది కాదు. "మీ అమ్మ ఉంటే డైరీ ఎందుకప్పా" అనేవాడు గిరి. నాకు అది గొప్పగా ఉండేది.

కాలేజీలో వాళ్ళ మొదటి ప్రోగ్రాం రెండు పాటలకే ఆగింది, జనరేటర్ పేలిందనుకుని వెనక వరసలు లేచిపోయినాయంట. ధర్మవరంలో శీనయ్య వాళ్ళ వీధిలో వాయిస్తే, ముసలి నేతగాళ్ళు అరుగుల మీద కూర్చుని చివరిదాకా విన్నారు. పాట వాళ్ళకు పట్టలేదు, కానీ దరువు ఎక్కడా తప్పలేదని మెచ్చుకున్నారు. నేను చూసింది మూడోది, పెనుకొండలో. గిరి వాళ్ళ వీధి కుర్రాళ్ళు బడి మైదానంలో పెట్టించినారు. సాయంత్రం ఎండ ఇంకా ఉంది. నేను పులగన్నం కట్టుకుని బస్సులో పోయినాను. ఖాసిం అరుపు మొదలుపెట్టగానే నా పక్కన ఒక పెద్దాయన, "ఏమబ్బా, ఆ పిల్లోనికి ఎవురన్నా నీళ్ళియ్యండి" అన్నాడు. అందరూ నవ్వినారు. నేనూ నవ్వినాను.

ఆ తర్వాత వచ్చిన పాటలో అరుపు తగ్గి రాగం వచ్చింది. మాటలు విడివిడిగా వినపడినాయి.

బేసినులో నీళ్ళు తెర్లుతాండాయి
నా బిడ్డ నీళ్ళడిగింది
దారం తెగుతాదని లేయలేదు

ఇవి నా మాటలు.

ఖాసిం తర్వాత నాకు ఒక ఆడపిల్ల పుట్టింది. మూడేళ్ళు ఉండింది. ఒకరోజు జ్వరమొస్తే, షెడ్డు మూలలో గోనెసంచి పరిచి పడుకోబెట్టి నేను బేసిను ముందు కూర్చున్నాను. "మా, నీళ్ళు" అనింది. అప్పుడే దారాలన్నీ కూడి రాట్నం మీదికి ఎక్కుతున్నాయి. లేస్తే తెగుతాయి. "ఉండు తల్లీ, ఈ గూళ్ళు అయిపోనీ" అన్నాను. మళ్ళీ అడగలేదు. నిద్రపోయిందనుకున్నాను. పొద్దుగూకక ముందే పోయింది. నీళ్ళిచ్చి ఉంటే బతికేదని ఎవరూ అనలేదు. అడిగితే ఇవ్వలేదన్నది మాత్రం నిజం. మా ఆయనకు కూడా ఈ సంగతి తెలియదు. ఖాసింకు పదహారేళ్ళప్పుడు టైఫాయిడ్ వచ్చింది. వాడికి గంట గంటకూ నీళ్ళు తాగిస్తుంటే, "ఎందుకు మా, ఇంత భయం?" అని అడిగినాడు. ఆ ఒక్కసారే నోరు జారినాను. వాడు మనసులో పెట్టుకున్నాడు. వాడూ నా కొడుకే కదా.

వాడు నన్ను అవమానించాలని రాసుకోలేదు. ఇప్పుడు తెలుసు. అప్పుడు కూడా తెలుసేమో. కానీ ఆ మైదానంలో, నాకు ముక్కూ మొహం తెలియని వాళ్ళు ఆ మూడు వాక్యాలకు చేతులెత్తి ఎగురుతుంటే, నేను అన్నం మూట ఎత్తుకుని జనం వెనక్కి పోయి నిలబడినాను. నేను రాయలేను, చదవలేను. నా మాటను నా కొడుకు కాగితం మీద పెట్టుకున్నాడు, ఇంక అది ఎక్కడికైనా పోతుంది, దాని వెంట నేను పోలేను. ఇంటికి వచ్చినాక "ఆ పాట వద్దు నాయనా" అని ఒక్క మాట అనవచ్చు. ఎందుకు అనలేదు? అంటే మళ్ళీ పాప గురించి మాట్లాడాలి. ఆ మాట ఎత్తడం కంటే ఊరుకోవడం సులభమనిపించింది. నేను చేసిన మొదటి తప్పు అక్కడే ఉందేమో.

కొన్నాళ్ళకు బెంగుళూరు నుంచి కబురొచ్చింది. అక్కడ ఒకాయన కొత్త బ్యాండ్లవి తలా ఒక పాట చేర్చి సీడీ వేస్తున్నాడు. బెట్ట పాటల్లో ఆయనకు నచ్చింది అదే పాట. ఆదివారం స్టూడియోకు రమ్మన్నాడు. పిల్లలు షెడ్డులో ఎగిరినారు. శీనయ్య నన్ను ఎత్తి తిప్పినంత పని చేసినాడు.

ఆ శీనయ్య గురించి ఇంకొక సంగతి చెప్పాలి. వాడి ఎడమ చెవిలో గుయ్యిమని శబ్దం వచ్చేది. షెడ్డులో పెద్ద స్పీకరు వాడికి ఎడమ పక్కనే ఉండేది, పైన రేకులు. ఎడమ పక్క నుంచి మెల్లగా మాట్లాడితే వినపడేది కాదు. స్నేహితులకు చెప్పలేదు. నాకు చెప్పినాడు. "వాళ్ళకు చెప్పద్దు మా, డ్రమ్ములు మానమంటారు" అన్నాడు. నేను వెల్లుల్లి వేసి నూనె కాచి, బుధవారం బుధవారం వాడి చెవిలో రెండు చుక్కలు వేసేదాన్ని. నా ఒడిలో తల పెట్టి పడుకునేవాడు. వాడి అమ్మకు కూడా తెలియని సంగతి నాకు తెలుసు.

ఆదివారానికి ముందు బుధవారం, పన్నెండు గంటలప్పుడు ఫోను మోగింది. స్టూడియో ఆయన. తెలుగు, కన్నడం కలిపి మాట్లాడినాడు. "ఆదివారం ఆగల్లమ్మా, కుదరదు. శుక్రవారం పొద్దున పదికి రావల్ల. శుక్రవారం రాకుంటే ఈ సీడీలో ఇంక చోటు లేదు. మీ వాళ్ళకు చెప్తారు కదా?"

"చెప్తాను" అన్నాను.

ఫోను పెట్టినప్పుడు నాకు ఏ దురాలోచనా లేదు. అది నిజం. ఒంటిగంటకు శీనయ్య వచ్చినాడు. సంగటి పెట్టినాను. ఎదురుగా కూర్చున్నాను. చెప్పడానికి నోటిదాకా వచ్చింది. వాడు తింటూ తింటూ ఆ పాట దరువును వేళ్ళతో పళ్ళెం మీద కొడుతున్నాడు. అప్పుడు అనిపించింది, నేను ఊరుకుంటే చాలు. ఏమీ చేయనక్కరలేదు. ఊరికే కూర్చుంటే చాలు, ఆ పాట ఎక్కడికీ పోదు. వాడు చెయ్యి కడుక్కుని, చెవిలో నూనె వేయించుకుని, రైలుకు పోయినాడు. సాయంత్రం ఖాసిం వచ్చినాడు. వాడికీ చెప్పలేదు. గురువారం చెప్పలేదు. శుక్రవారం పది గంటలు దాటేటప్పుడు నేను గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను. గడియారం చూడటం నాకు వచ్చు.

ఆదివారం సామానంతా మోసుకుని నలుగురూ బెంగుళూరు పోయినారు. మూడు గంటలకల్లా తిరిగి వచ్చినారు. "బుధవారమే మీ ఇంటికి ఫోన్ చేసి చెప్పినాను" అని పంపేసినాడంట స్టూడియో ఆయన.

నలుగురూ వాకిట్లో నిలబడినారు. నేను ముందే ఒక జవాబు సిద్ధం చేసుకున్నాను, మరిచిపోయినానని. వాళ్ళ ముఖాలు చూసినాక అది నోట్లోంచి రాలేదు. నేను మరిచిపోతానంటే ఎవరు నమ్ముతారు?

"మా, ఫోన్ వచ్చిందా?" అన్నాడు ఖాసిం.

"వచ్చింది. శీనయ్యకు చెప్పినా."

శీనయ్య నా వైపు చూసినాడు. "నాకా? ఎప్పుడు మా?"

"బుధవారం. నువ్వు సంగటి తింటా ఉంటివే, అప్పుడు."

గిరి వాడి మీదికి పోయినాడు. "ఏంరా, తిండి మీద పడితే చెవులు కూడా మూసుకుంటాయా నీకు?"

శీనయ్య గిరిని చూడలేదు. చెయ్యి మెల్లగా చెవి దగ్గరికి పోయింది. నన్నే అడిగినాడు.

"యా పక్క నిలబడి చెప్తివి మా?"

ఆ ప్రశ్న అర్థం మా ఇద్దరికే తెలుసు. వాడు నన్ను పట్టించాలని అడగలేదు. నన్ను నమ్మి, తన చెవిని అనుమానించి అడిగినాడు. నిజం చెప్పడానికి అంతకంటే మంచి చోటు నాకు మళ్ళీ దొరకలేదు.

"ఎడమ పక్క" అన్నాను.

మొదటి అబద్ధం భయంతో వచ్చింది. దాన్ని ఎవరైనా అర్థం చేసుకుంటారేమో. రెండోదానికి నేను ఆలోచించినాను. వాడు అడగడానికీ నేను చెప్పడానికీ మధ్య ఒక్క ఊపిరి. ఆ ఊపిరిలో వాడి రెండు చెవులూ నాకు గుర్తొచ్చినాయి, ఏది మంచిదో ఏది చెడ్డదో చూసుకుని, చెడ్డదాన్ని ఎంచుకున్నాను. నా ఒడిలో పెట్టిన చెవి అది.

"అయితే నాకే వినపళ్ళేదప్పా" అన్నాడు శీనయ్య, స్నేహితులతో. "అమ్మ చెప్పింటాది. నాకే వినపళ్ళేదు. చానా దినాలుగా ఈ చెవి పని చేయల్లేదు. మీకు చెప్పలేదు, తప్పు నాదే."

 ఖాసిం వాడి భుజం మీద చెయ్యి వేసినాడు. ఎవరూ నన్ను ఇంకేమీ అడగలేదు.

శీనయ్య అనంతపురం పోయి డాక్టరుకు చూపించుకున్నాడు. చెవిలో కొంత దెబ్బ ఉన్న మాట నిజమే. పెద్ద శబ్దాలకు దూరంగా ఉండమన్నారు. అంతకుముందైతే ఆ మాట వినేవాడు కాదు, దూది పెట్టుకుని వాయించేవాడు. కానీ పక్కనే నిలబడి మామూలుగా చెప్పిన మాట కూడా వినపడలేదంటే తనకు రోజులు దగ్గర పడినాయని నమ్మినాడు. ఆ నమ్మకం నేను పెట్టింది. డ్రమ్ములు ఖాసింకే వదిలేసి ధర్మవరంలో మగ్గంలోకి దిగినాడు. మిగిలినవాళ్ళు బెంగుళూరు నుంచి ఒక పిల్లోణ్ణి పిలిపించుకుని రెండుసార్లు వాయించినారు. "దరువు ఉండాది, శీనా కాళ్ళు లేవు" అన్నాడు గిరి. ఏడాది తిరగకుండానే ఎవరి ఉద్యోగాలకు వాళ్ళు పోయినారు. బెట్ట చరిత్ర అంతే. మూడేళ్ళు కూడా లేదు. ఒక్క పాట కూడా సీడీ మీదికి ఎక్కలేదు.

నేను కోరుకున్నది అదే కదా. పాప మాట బయటికి పోలేదు. సంతోషపడినానా? కొన్నాళ్ళు నిమ్మళంగానే ఉండింది, దాచను. తర్వాత ఖాసిం పాడటం మానేసినాడు. స్నానం చేసేటప్పుడు కూడా వాడి నోట ఏదీ వినపడలేదు. వాడు ఆ పాట రాసింది పాపను మరిచిపోకుండా ఉండటానికేమో అని నాకు అప్పుడు తోచింది. వాడికి చెల్లెలు కదా. ఆ బిడ్డకు ఫోటో కూడా లేదు.

ఖాసిం పెళ్ళికి చీరలు కొనడానికి ధర్మవరం పోయినాము. ఖాసిం శీనయ్య ఇంటికే తీసుకుపోయినాడు. శీనయ్య మగ్గంలో కూర్చుని ఉన్నాడు. కాళ్ళు అట్లాగే ఆడుతున్నాయి. నేను పోయి వాడి ఎడమ పక్కన నిలబడినాను, కావాలని కాదు. వాడు నవ్వి, నా చెయ్యి పట్టుకుని కుడివైపు కూర్చోబెట్టుకున్నాడు. "ఈ పక్క కూర్చో మా. ఆ పక్క సంగతి నీకు తెలుసు కదా" అన్నాడు. ఆరోజు చెప్పి ఉండవచ్చు. ఖాసిం బయట ఉన్నాడు, ఇంట్లో వాళ్ళు వంటలో ఉన్నారు. నేను అంచుల గురించి అడిగినాను. వాడు అంచులు చూపించినాడు.

ఆ తర్వాత కొన్నేళ్ళకు ఆడవాళ్ళ సంఘంలో వేలిముద్ర వేయడానికి సిగ్గుపడి అక్షరాలు మొదలుపెట్టినాను. మిగతాది కోడలు నేర్పింది. ఒకరోజు ఏదైనా సొంతంగా ఒక మాట రాయమంటే, ఆలోచించకుండా "చెప్పినా" అని రాసినాను. కోడలు చూసి, "అత్తా, మనం అట్లే పలుకుతాము గానీ, రాసేటప్పుడు చెప్పినాను అని రాయాల. ఇట్ల రాస్తే చెప్పినప్పటికీ అని అర్థమొస్తాది. మాట సగంలో నిలిచిపోయినట్టుంటాది" అనింది. నేను పలక కింద పెట్టి నీళ్ళు తాగే నెపంతో లేచిపోయినాను. చెప్పినా, ఏమయ్యేది? చెప్పి ఉంటే, నేను ఇప్పుడు ఈ మనిషిగా ఉండేదాన్నా? ఆ రోజు నుంచి ఆ సగం మాటను పూర్తి చేయాలని ప్రయత్నం. ఎన్నో కాగితాలు చింపినాను. ప్రతిదాంట్లోనూ నా తరఫున ఏదో ఒక సాకు వచ్చి కూర్చునేది. పాప, పాట, చదువు రాకపోవడం. చదువు రాకపోవడానికీ దీనికీ సంబంధం లేదు. నోరు ఉంది నాకు.

ఇది శీనయ్యకు ఇస్తానా? ఇంకా తెలియదు. వాడు పేపరు చదువుతాడు, దీన్ని చదవలేడని కాదు. క్షమించమని అడగడానికి నాకు మొహం లేదు. వాడు "పోనీలే మా" అంటాడని నాకు తెలుసు. ఆ మాట వినాలని ఉంది, అందుకే అడగకూడదనిపిస్తుంది. ఖాసింకు చెప్పే ధైర్యం అసలు లేదు. ఇప్పటికి మీకు తెలిసింది. ఒక్కదాన్నే మోసేదాన్ని, ఇంకొకరు చూసినారు. దాంతో బరువు తగ్గిందని అనను. కింద దించి, ఇదీ అని చూపించినాను.

ఇంత రాసి, అసలు మాట నా చేత్తో నేరుగా ఇంకా రాయలేదు. రాస్తున్నాను. బుధవారం ఫోను వచ్చింది నిజం. శీనయ్య మా ఇంట్లో తిన్నది నిజం. నేను వాడి ఎడమ పక్కనా నిలబడలేదు, కుడి పక్కనా నిలబడలేదు. ఎదురుగా కూర్చున్నాను. ఆ రోజు వాడి చెవులు బాగానే పని చేసినాయి. నేనే నోరు తెరవలేదు.